పేరుకు పువ్వు, పిలుపుకు సీలు

మా దీవిలో ఆగస్టులో పుట్టిన ఆడపిల్లలకు సాధారణంగా, ఆ నెల పండుగనుబట్టి, మరియమ్మ పేరే పెడతారు. క్రినియోకు మాత్రం వాళ్ళ అమ్మమ్మ మరీగో పట్టుబట్టి పువ్వు పేరు పెట్టించింది. ఆ నెలలో ఉత్తరపు తీరం పొడవునా ఇసుకలో తెల్లటి లిల్లీలు విచ్చుకుంటాయి. పెనంలా కాలే ఇసుకలోంచి, చుక్క నీరు పోసే దిక్కు లేకుండా లేస్తాయి. పొద్దు వాలాక వాటి వాసన రేవుదాకా వస్తుంది. ఆ వాసన వచ్చే వేళ పుట్టింది కాబట్టి పిల్ల లిల్లీయేనంది మరీగో. మా భాషలో క్రినియో అన్నా లిల్లీ అన్నా ఒకటే.

పేరు పెట్టేటప్పుడు పిల్ల ఎలా ఎదుగుతుందో ఎవరికి తెలుసు? క్రినియోకు నడక వచ్చేసరికే ఎత్తుకునే వాళ్ళ నడుం పట్టేసేది. బళ్ళో వేసేనాటికి బెంచీ మీద ఇద్దరి చోటు ఆమె ఒక్కదానికే సరిపోయేది. మా తరగతిలో పాంతెలిస్ అని జాలరి కొడుకు ఉండేవాడు. నోటికి అదుపు లేనివాడు. హాజరు పిలిచేటప్పుడు టీచరు "క్రినియో" అనగానే వాడు వెనక బెంచీలోంచి, "లిల్లీ ఏంటండీ, ఇది ఫోక్యా గదా" అన్నాడు. ఫోక్యా అంటే సీలు. మా వలలు చింపి చేపలు ఎత్తుకుపోయే సముద్ర జంతువు. ఒళ్ళున్న ఆడదాన్ని ఏడిపించడానికి కూడా మావాళ్ళు వాడేది ఆ మాటే. తరగతి తరగతంతా నవ్వింది. ఆ సాయంత్రానికి రేవులో కూడా అదే పేరు.

క్రినియో ఇంటికి వెళ్ళి ఏడ్చిందట. మరీగో ఓదార్చలేదు. పిల్లను చెయ్యి పట్టుకుని ఉత్తరపు తీరానికి తీసుకెళ్ళి ఒక లిల్లీ మొక్క పక్కన కూర్చోబెట్టి, తవ్వమంది. మోచెయ్యి మునిగేదాకా తవ్వినా దుంప తగల్లేదు. భుజం మునిగాక తగిలింది. పిల్ల పిడికిలికన్నా పెద్ద దుంప.

"పైన కనబడే పువ్వెంత, కింద ఉన్నదెంత?" అని అడిగింది మరీగో.

"కిందదే పెద్దది."

"అది లావుగా ఉంది కాబట్టే ఎండలో పువ్వు బతికింది. పూడ్చెయ్, ఇంటికెళ్దాం. ఆకలేస్తోంది నాకు."

ఈ సంగతి నాకు క్రినియోనే చెప్పింది, చాలా ఏళ్ళ తరవాత, మా రొట్టెల బట్టీ ముందు పిండి పిసుకుతూ. ఆ బట్టీ మా మామగారిది. పెళ్ళై నేను ఆ ఇంటికి వెళ్ళేసరికే ఆమె అక్కడ పనిలో ఉంది. ఇద్దరం బల్లకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఊరికంతటికీ రొట్టె చేసేవాళ్ళం. నేను రెండు చేతులా ఆపసోపాలు పడే ముద్దను ఆమె ఒక్క చేత్తో తిప్పి కొట్టేది. పని చేస్తూ పాడేది. గొంతు బాగుండేది కాదు, అయినా పాడేది.

ఆమె ఈత కూడా మరీగో చలవే. మా ఊళ్ళో మగవాళ్ళు రేవులోనే దూకుతారు. ఆడవాళ్ళకు ఈత అంటూ ఉండేది కాదు. వేసవిలో తెల్లవారకముందు కొండ వెనక్కి పోయి, మోకాళ్ళదాకా దిగి, గౌను పట్టుకుని చల్లబడి వచ్చెయ్యడమే. మరీగో మాత్రం మొగుడు పోయాక రాళ్ళకు అంటుకున్న గుల్లలు ఏరి అమ్ముకుని బతికిన మనిషి. మనవరాలిని వెంట తీసుకెళ్ళేది. గట్టున పరిగెత్తలేని పిల్ల నీళ్ళలో పడేసరికి బరువంతా ఎటు పోయేదో పోయేది. పొద్దున దిగితే ఆకలేసేదాకా పైకి వచ్చేది కాదట.

ఒక శరదృతువులో ఆ కొండ కింది గుహలో సీలును చూసింది. తల్లి బయట నీళ్ళలో ఉంది. లోపల చిన్న ఇసుక మెట్ట మీద నల్లటి బొచ్చుతో, పొట్ట మీద తెల్లమచ్చతో పిల్ల పడుకుని ఉంది. క్రినియో నీళ్ళలోనే కదలకుండా ఉండిపోయింది. తల్లి ఆమె పక్కనుంచే మునిగి అటు వెళ్ళింది. మునగబోయేముందు అది ముక్కు మూసుకున్న తీరు, హడావిడి లేకుండా కిందికి జారిన తీరు ఆమె అలాగే గుర్తుపెట్టుకుంది. ఆ తరవాత గుల్లలకు దిగినప్పుడల్లా అలాగే దిగేది. గాలి గట్టిగా పీల్చేసి గబుక్కున మునగడం మానేసింది. ముందు ఒళ్ళు వదులు చేసుకుని, తరవాత మునిగేది. అలా అయితే ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుందని నాకు చెప్పింది. నేను గిన్నెలో మొహం పెట్టి ప్రయత్నించాను కూడా. నాకు నీళ్ళు ముక్కులోకి పోయాయి.

ఆమెకు పెళ్ళి చూపులు ఒక్కసారి జరిగాయి. ఎగువ ఊరినుంచి వచ్చారు. అబ్బాయి తల్లి ఆమెను పైనించి కిందికి, కిందినించి పైకి చూసి, "లిల్లీ అని చెబితే ఏదో అనుకుని వచ్చాం" అంది. క్రినియో తన చేతులతో చేసిన తేనె గవ్వల పళ్ళెం ఆవిడ ముందునుంచి తీసేసుకుని, "అనుకున్నది దొరికేదాకా ఆకలితో ఉండండి అత్తా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పళ్ళెం మేమిద్దరం వంటింట్లో కూర్చుని ఖాళీ చేశాం. ఆ తరవాత ఎవరు వచ్చినా ఆమే వద్దంది. ఒంటరిగా ఉందని జాలిపడేవాళ్ళకు, "మీ ఇంట్లో గురక వినబడుతోంది కదా, నా ఇంట్లో సముద్రం వినబడుతుంది" అనేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. మాకు నలభై దాటాయి. పాంతెలిస్‌కూ దాటాయి గానీ నోరు మాత్రం బళ్ళో ఉన్నట్టే ఉంది. ఒకరోజు పొద్దున్నే మేం కాఫీ కొట్టు ముందుకు రొట్టెల బుట్ట తీసుకెళ్ళేసరికి అతను నేలమీద వల పరుచుకుని కూర్చున్నాడు. మధ్యలో మనిషి దూరేంత కంత. చుట్టూ నలుగురు జాలర్లు.

"రావే ఫోక్యా, రా. మీ చుట్టం రాత్రి మా ఇంటికి భోజనానికొచ్చింది. చూడు, పళ్ళెం కూడా కొరికేసి పోయింది."

"వడ్డించింది నువ్వే గదా, నన్నెందుకంటావు?" అంటూ క్రినియో బుట్ట దింపింది.

"నీకు లిల్లీ పేరు పెట్టిన ముసల్దాన్ని అనాలి నేను. లిల్లీ తెలుపు, సీలు నలుపు. లిల్లీ వాసనొస్తుంది, సీలు కంపొస్తుంది. లిల్లీకి ఎవడూ తిండి పెట్టక్కర్లేదు, సీలుకు నేను రోజూ పెడుతున్నా. ఈ రెండింట్లో నువ్వేంటో ఈ నలుగురూ చెప్తారు."

నలుగురూ నవ్వారు. క్రినియోకు కోపం రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిజంగానే ఆలోచించింది. ఆమెకు అడిగినదానికి జవాబు చెప్పే అలవాటుంది.

"లిల్లీ కాయ పగిలాక విత్తనం ఎప్పుడైనా చూశావా పాంతెలిస్?"

"నల్లగా, బొగ్గుముక్కలా ఉంటుంది. చూశాలే."

"చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. అల వచ్చి ఎత్తుకుపోతే తేలుతూ పోయి ఇంకో తీరంలో మొలుస్తుంది. పువ్వుది నేల బతుకేగానీ దాని బిడ్డ ఈదుతుంది. సీలుది నీళ్ళ బతుకు, దాని బిడ్డేమో పొడి ఇసుకలో పుట్టి పడుకుంటుంది. నేను రెండింటినీ చూశాను. రెండూ నీళ్ళకూ నేలకూ మధ్య ఉండే ఆ ఇసుక పట్టీనే నమ్ముకున్నాయి. లిల్లీని పెరికి కుండీలో పెడితే పువ్వెయ్యదు. సీలును తరిమితే పిల్లను పెట్టదు. నువ్వు తెలుపూ నలుపూ దగ్గరే ఆగిపోయావు."

"అయితే నా వలకు పడిన కంత ఎవరు పూడుస్తారు, పువ్వా?"

"నువ్వే పూడుస్తావు. చేతులున్నాయిగా. రొట్టె తీసుకో, వేడిగా ఉంది."

ఈసారి ఆ నలుగురూ పాంతెలిస్‌ను చూసి నవ్వారు. అతను కూడా రొట్టె విరుచుకుని, "నోరు మాత్రం లిల్లీది కాదు దీనిది" అని వల కుట్టుకోసాగాడు.

ఆ చలికాలమే అసలు సంగతి జరిగింది.

కొత్త సంవత్సరం వచ్చాక మొదటి వారంలో నీళ్ళను దీవించే పండుగ. మా చర్చి గురువు పాపా గెరాసిమోస్ అయ్యగారు రేవు గట్టుమీద ప్రార్థన చదివి సిలువను సముద్రంలోకి విసురుతారు. కుర్రాళ్ళు దూకి, పోటీపడి తెస్తారు. తెచ్చినవాడికి ఆ ఏడంతా దీవెన. సిలువ పైకి వచ్చేదాకా మా పడవలు ఆ ఏడాది వేటకు కదలవు. అందుకే అయ్యగారు దానికి రిబ్బను కట్టి చివర చేతికి చుట్టుకుంటారు. ఎవరికీ దొరక్కపోతే లాక్కోవచ్చని.

ఆ ఏడాది సిలువ కొత్తది, ఇత్తడిది, బరువైనది. రిబ్బను పాతది. ఉత్తరపు గాలి చెవులు కోస్తోంది. అయ్యగారు విసిరారు; సిలువ అటు పోయింది, రిబ్బను తెగి ఇటు గాల్లో ఎగిరింది. కుర్రాళ్ళు దూకారు. వాళ్ళతోపాటు పాంతెలిస్ కూడా దూకాడు. భార్య అనెజూలాకు జబ్బు నయమైతే దూకుతానని మొక్కుకున్నాడట.

గట్టున బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. ఒక తల పైకి వచ్చింది, ఖాళీ చేతులు. ఇంకో తల, ఖాళీ చేతులు. మళ్ళీ మునిగారు, మళ్ళీ లేచారు. ఒక కుర్రాడు దవడలు కొట్టుకుంటూ మెట్లెక్కి, "గడ్డిలో పడింది అయ్యగారూ, అడుగు కనబడ్డంలేదు" అన్నాడు. రేవు ముఖద్వారం దగ్గర అడుగంతా సముద్రపు గడ్డే. నడుందాకా పెరిగిన పొడుగాటి పట్టెలు. అందులో పడ్డ లంగరునే వెతుక్కోలేం. ఒక్కొక్కడే వణుకుతూ గట్టెక్కాడు. బ్యాండు ఆగిపోయింది. చివరికి పాంతెలిస్ ఒక్కడే మిగిలాడు. నీలంగా మారిన పెదాలతో మెట్లు పట్టుకుని ఎక్కలేక వేలాడుతుంటే ఇద్దరు చంకల్లో చేతులు వేసి లాగారు.

సిలువ సముద్రంలోనే ఉండిపోయిన ఏడాది మా ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. నా వెనక ఒక ముసలామె ఏడుపు మొదలుపెట్టింది.

నేనూ క్రినియో పండుగ రొట్టెల పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉన్నాం. ఆమె తన పళ్ళెం నా పళ్ళెం మీద పెట్టేసింది. తలగుడ్డ విప్పి నా భుజాన వేసింది. చెప్పులు విడిచింది. కోటు విప్పుతుంటే నాకు అర్థమైంది.

"వద్దే, గుండె ఆగిపోతుంది" అన్నాను.

"కొవ్వు ఊరికే పెంచానా? కోటు తడవనీకు, తరవాత కావాలి."

మెట్ల దగ్గరకు నడిచింది. చర్చి పెద్ద ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఇది మగవాళ్ళ పని. ఎప్పుడూ లేని ఆచారం తేవద్దు."

"మగవాళ్ళు చేసి వచ్చారు కదా బాబాయ్. ఇప్పుడు ఎవరూ చెయ్యడంలేదు, ఖాళీగా ఉంది" అని, అయ్యగారి వైపు తిరిగింది. "మీరు వద్దంటే దిగను."

పాపా గెరాసిమోస్ చేతిలో రిబ్బను ముక్క పట్టుకుని నీళ్ళవైపు చూశారు. గడ్డం గాలికి కొట్టుకుంటోంది. "నేను చూస్తున్నది సముద్రాన్ని," అన్నారు. "మెట్లు నాకు కనబడ్డంలేదు."

క్రినియో పాంతెలిస్ ముందు వంగింది. అతను కంబళిలో ముడుచుకుని ఉన్నాడు.

"ఎక్కడ పడింది? నువ్వు దగ్గరగా ఉన్నావు. ఎగతాళి చెయ్యకుండా చెప్పు."

"అదుగో, తేలుతున్న ఆ నల్ల బోయాకు ఎడమ పక్క," అన్నాడతను, పళ్ళు కొట్టుకుంటుంటే. "ప్రవాహం గట్టువైపు లాగుతోంది. నే వెతికిన చోటు దాటి వెతుకు. జాగ్రత్తే, చలి చంపేస్తోంది."

ఉన్ని లోపలి గౌనుతో మెట్లు దిగింది. దూకలేదు. మెడదాకా దిగి, కాసేపు అలాగే ఉంది. ఊళ్ళోవాళ్ళు ఆమె భయపడుతోందనుకున్నారు. ఆమె ఒళ్ళు వదులు చేసుకుంటోందని నాకొక్కదానికే తెలుసు. తరవాత బోయాదాకా ఈదింది. చప్పుడు లేదు, నురగ లేదు. ఆ ఒళ్ళు నీళ్ళలో అంత తేలిగ్గా పోతుందని అప్పటిదాకా ఆ గట్టున ఎవరూ చూసి ఎరగరు. ముక్కు మూసుకుని కిందికి జారిపోయింది.

చాలాసేపటికి లేచింది. ఖాళీ చేతులు. ఎవరినీ చూడకుండా ఊపిరి తీసుకుని, కాస్త గట్టువైపు జరిగి మళ్ళీ మునిగింది. మళ్ళీ ఖాళీ. మూడోసారి మునిగినప్పుడు నేను నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. నాది వదిలేశాక కూడా ఆమె రాలేదు. మళ్ళీ బిగబట్టాను, మళ్ళీ వదిలాను. అయ్యగారి పెదాలు కదులుతున్నాయి. పాంతెలిస్ కంబళి వదిలేసి గట్టు అంచుకు వచ్చాడు.

కింద ఏం జరిగిందో తరవాత చెప్పింది. కళ్ళతో వెతకడం మానేసిందట. మొదటిసారి గడ్డిని చీల్చుకుంటూ పోతే బురద లేచి ఏమీ కనబడలేదు. అందుకని పిండిలో ఉప్పుగడ్డ మిగిలిందేమోనని ఎలా తడుముతామో అలా, రెండు అరచేతులూ పరిచి, గడ్డి వాలిన దిక్కుకే నిమురుతూ పోయింది. మెత్తగా, మెత్తగా, మెత్తగా, ఒకచోట గట్టిగా. రెండు మొక్కల మొదళ్ళ మధ్య సిలువ నిలువుగా ఇరుక్కుని ఉంది. లాగితే రాలేదు. మళ్ళీ పైకి వస్తే ఆ చోటు దొరకదని అక్కడే ఉండి, వేళ్ళతో ఇసుక తోడి, బయటికి తీసింది.

ముందు చెయ్యి లేచింది. చేతిలో ఇత్తడి మెరిసింది. తరవాత తల.

నేను పళ్ళేలు రెండూ కింద పడేశాను. రొట్టెలు గట్టంతా దొర్లాయి, ఎవరూ పట్టించుకోలేదు. పడవలవాళ్ళు బూరాలు ఊదారు, గంట మోగింది, బ్యాండువాళ్ళు తలో పాటా ఎత్తుకున్నారు. ఆడవాళ్ళు "క్రినియో, క్రినియో" అని అరుస్తున్నారు. పాంతెలిస్ ఒక్కడే గొంతు చించుకుని "ఫోక్యా, మా ఫోక్యా" అంటున్నాడు. నలుగురు జాలర్లు అతనితో కలిశారు. కాసేపటికి రేవు సగం ఆ పేరూ సగం ఈ పేరూ పిలుస్తోంది. ఆమె రెండింటికీ సిలువ ఊపింది.

మెట్లెక్కి వచ్చి అయ్యగారి ముందు మోకరించింది. ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి, జుట్టులో గడ్డిపట్టెలు. సిలువ తెచ్చినవాడికి తలమీద దీవెన నీళ్ళు చల్లడం ఆచారం. చర్చి పెద్ద మళ్ళీ ముందుకు వచ్చాడు. "అయ్యగారూ, పుస్తకంలో కుర్రాడని ఉంది."

పాపా గెరాసిమోస్ తన నల్లటి పైవస్త్రం విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పారు. ఎప్పుడూ ఆయన్ను అది లేకుండా చూడలేదు మేం; లోపల అతుకులేసిన స్వెట్టరు ఉంది.

"పుస్తకం నేనూ చదివాను," అన్నారాయన. "సిలువ అడుగున ఉండిపోతే ఏం చెయ్యాలో అందులో లేదు. ఆమెకు తెలిసింది." సబ్జా కొమ్మల కట్ట వెండి గిన్నెలో ముంచి ఆమె తలమీద మూడుసార్లు తట్టారు. తడిసిన తలమీదే మళ్ళీ తడి. క్రినియో సిలువను ముద్దుపెట్టుకుంది. లేచి జనం వైపు తిరిగి, "లాంబియా, నా కోటేది?" అంది. లాంబియా అంటే నేనే.

బట్టీ పక్కన కూర్చోబెట్టి, నూనెతో కాళ్ళు రుద్ది, వేడి పాలలో తేనె, దాల్చినచెక్క వేసి ఇచ్చాను. ఒక గిన్నె తాగి రెండోది అడిగింది. అంతలో వీధిలో వయొలిను వినబడింది. సిలువ తెచ్చినవాళ్ళు దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి, అదీ ఆచారమే. వాద్యగాళ్ళను వెంటపెట్టుకుని పాంతెలిసే వచ్చాడు.

"లేవే. అనెజూలా గుమ్మంలో నిలబడి ఉంది. మొదట మా ఇంటికే రావాలంది. నా మొక్కు నువ్వు తీర్చావంట, నాకు భోజనం పెట్టనంటోంది."

"నాకు పెడుతుందా?"

"నీకోసం పొయ్యిమీద మేక కూర ఉంది. నా వాటా కూడా నీదే."

"అయితే పద" అని లేచింది.

ఆ రోజు ఊళ్ళో ప్రతి గడపా తొక్కింది. ప్రతి ఇంట్లోనూ సిలువకు ముద్దు, ఆమెకు ఏదో ఒకటి నోట్లో. ఎగువ ఊరికి కూడా ఎక్కింది. వాళ్ళు గాడిదను పంపారు గానీ ఆమె గాడిదను జాలిగా చూసి నడిచే ఎక్కింది. దారిపొడవునా పాడింది. వయొలినువాడు ఆమె శ్రుతికి దిగలేక, ఆమెను తన శ్రుతికి లాగలేక, చివరికి తాళం వేస్తూ నడిచాడు. మర్నాడు తెల్లవారగానే పడవలన్నీ వేటకు కదిలాయి.

వేసవి వచ్చింది. ఒక పొద్దున మా బట్టీకి అయ్యగారి భార్య వచ్చింది. రొట్టె తీసుకుని, వెళ్ళకుండా నిలబడింది.

"క్రినియో, నాకు అరవై దగ్గరపడ్డాయి. నీళ్ళ పక్కన పుట్టి నీళ్ళంటే భయంతోనే పోతానేమో. నేర్పుతావా?"

"కొండ వెనకైతే నేర్పను అమ్మగారూ. రేవులో, అందరూ చూస్తుండగా అయితే నేర్పుతాను. భయం ఎక్కువున్నచోట దిగితేనే పోతుంది."

ఆవిడ వచ్చింది. ఆవిడ వచ్చాక అనెజూలా వచ్చింది, ఇంకా కొందరు వచ్చారు, నేనూ వెళ్ళాను. పట్టపగలు, కాఫీ కొట్టు కుర్చీలన్నీ మావైపు తిరిగి ఉండగా, గౌన్లతోనే మెట్లు దిగాం. క్రినియో నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ వీపుకింద చెయ్యి వేసి పట్టుకుంది. "తల వెనక్కి. పొట్ట పైకి. పొట్టను దాచుకోవద్దు, అదే తేలుస్తుంది" అంటోంది. అమ్మగారు కళ్ళు గట్టిగా మూసుకుని, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని వెనక్కి వాలింది. గాలి నిండిన గౌను ఆవిడ చుట్టూ నల్లగా ఉబ్బింది. క్రినియో మెల్లగా చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"పట్టుకునే ఉన్నావా?" అని అడిగింది అమ్మగారు, కళ్ళు తెరవకుండానే.

"లేదు అమ్మగారూ. ఎప్పుడో వదిలేశాను."

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆకాశాన్ని చూసింది. మునగలేదు.